గడప సందులోకి ఊడ్చిన దుమ్ము

నున్నటి రాతి నేలను ఊడవడానికి చీపురు పెద్దగా పనికిరాదు. చీపురు దుమ్మును లేపుతుంది. లేచిన దుమ్ము మనం వెనుదిరిగాక నింపాదిగా వచ్చి మళ్ళీ అక్కడే కూర్చుంటుంది. అందుకని పెద్ద భవనాలలో మాప్ వాడతారు. మూరెడు వెడల్పున్న చట్రం, దాని కింద నూలు కుచ్చులు, పైన పొడుగాటి కర్ర. దాన్ని ఒకసారి నేలకు ఆనించిన తరువాత వరండా చివరిదాకా ఎత్తకూడదు. ఎత్తితే కుచ్చులు పట్టుకున్న దుమ్మంతా అక్కడే రాలిపోతుంది. గౌరవనీయుడైన అతిథిని వెనకనుంచి మర్యాదగా సాగనంపుతున్నట్టు, మాప్‌ను ముందు ఉంచుకుని, దుమ్మును తోసుకుంటూ నడవాలి. చివరికి చేరేసరికి అదంతా ఒక గీతలా నిలబడుతుంది. ఆ గీతను చేటలోకి ఎత్తి, కిందికి తీసుకువెళ్ళి, వెనక గేటు దగ్గరి డబ్బాలో పోయాలి. పని అంటే అంతే.

ఈ విద్య నాకు అరవై దాటాక అబ్బింది. అంతకుముందు నేను ఒక కంపెనీలో పరిపాలనా విభాగానికి అధిపతిని. కంపెనీ మూతపడింది. ఆ తరువాత ఎక్కడికి వెళ్ళినా నన్ను కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి, "మీ అనుభవం మాకు చాలా ఎక్కువండీ" అని తలుపుదాకా వచ్చి సాగనంపేవారు. చివరికి ఏ అనుభవమూ అడగని పని ఒకటి దొరికింది.

ఇంట్లో మాత్రం ఒక సంస్థలో సలహాదారుగా చేరానని చెప్పాను. మా ఆవిడ ఆ మాటను మా అపార్ట్‌మెంటులో అన్ని అంతస్తులకూ చేరవేసింది. రోజూ ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, బ్రీఫ్‌కేసు పట్టుకుని బయలుదేరేవాణ్ణి. బ్రీఫ్‌కేసులో బూడిదరంగు యూనిఫారం, టోపీ, గుడ్డ బూట్లు, అన్నం డబ్బా. పక్కింటాయన మెట్ల మీద ఎదురైనప్పుడల్లా, "ఏం సార్, ఇవాళ ఎవరికి సలహా?" అని పలకరించేవాడు.

"అడిగినవాళ్ళకే!" అనేవాణ్ణి.

ఇద్దరం నవ్వుకునేవాళ్ళం. ఆయన నవ్వు వీధి మలుపుదాకా నా వీపు మీద చీమలా పాకుతూనే ఉండేది.

భవనంలో అయిదంతస్తులు. అన్నింటా ఒకే రకం బూడిదరంగు రాయి. మూడో అంతస్తు చాలాకాలంగా ఖాళీగా ఉండడంవల్ల మా సామాన్ల గది అక్కడే ఇచ్చారు. వరండాకు ఈ చివర మెట్లు, నడుమ లిఫ్టు, ఆ చివర మా గది. గదికి కిటికీ లేదు. తలుపుకు గొళ్ళెం కూడా ఊడిపోయింది. ఫినాయిలు వాసన, తడి ఆరని గుడ్డల వాసన, వాటి అడుగున ఎప్పుడూ ఒక పొడిపొడి వాసన... పాత పుస్తకం తెరిచినప్పుడు వచ్చేలాంటిది.

నాకు పని నేర్పినావిడను అందరూ రేడియో అక్క అంటారు. ఒకసారి మొదలుపెడితే కరెంటు పోయినా ఆగదని ఆ పేరు. గాజు తలుపు మీద తప్పుగా రాసిన ఇంగ్లీషు బోర్డును నేను సరిదిద్దడం చూసి, ఆవిడ నన్ను మాస్టారూ అనడం మొదలుపెట్టింది.

"మాస్టారూ, మీకు ఇంట్లో ఎవరెవరున్నారు?" అని మొదటి రోజే అడిగింది.

"ఎవరూ లేరమ్మా."

"పిల్లలు?"

"లేరు."

ఎంత తేలికగా వచ్చింది ఆ మాట! గొంతు కూడా తడబడలేదు. ఇంట్లో ఈ పనిని దాచినవాణ్ణి, పనిలో ఆ ఇంటిని దాచాను. రెండువైపులా తలుపులు వేసుకుని నడుమ నిలబడ్డాను. ఆనాడు అది నాకు మహా తెలివైన ఏర్పాటుగా తోచింది.

గదిలో అరమీద ఒక జత నల్ల తోలు బూట్లు ఉండేవి. మడమలు పక్కపక్కన ఆనించి, ముక్కులు గోడవైపు తిప్పి పెట్టిన బూట్లు. వాటి మీద మందంగా దుమ్ము.

"ఇవి ఎవరివమ్మా?"

"మీకు ముందున్నాయనవి. ఆయనా అచ్చం మీలాగే మాస్టారూ! ఇస్త్రీ మడత నలక్కుండా వచ్చేవాడు. బూట్లు తుడిచి అక్కడ పెట్టి, ఈ యూనిఫారం తగిలించుకునేవాడు. ఓ రోజు ఊడుస్తూ ఊడుస్తూ ఏమయ్యాడో, మరి కనబళ్ళేదు. మాప్ లిఫ్టు దగ్గరుంది, బూట్లు ఇక్కడున్నాయి, మనిషి మాత్రం లేడు."

"ఇంటివాళ్ళు వెతుక్కుంటూ రాలేదా?"

"ఇల్లెక్కడో చెబితే కదా వచ్చేది! ఎవరూ లేరన్నాడు... మీలాగే." ఆవిడ నవ్వింది. "ఆ తర్వాత కొన్నాళ్ళు లిఫ్టు దగ్గర వాసనేసింది. ఎలుక చచ్చిందన్నారు. మెకానిక్కు దిగి చూశాడు. దుమ్ము తప్ప ఏం లేదన్నాడు. ఆ బూట్లు పారెయ్యబుద్ధి కాలేదు. ఎప్పటికైనా వస్తాడేమో, చెప్పుల్లేకుండా ఎట్లా పోతాడు పాపం?"

ఆ రోజే మరో మాట కూడా చెప్పింది. లిఫ్టు గడపకూ లిఫ్టు పెట్టెకూ నడుమ వేలెడు సందు ఉంటుంది. పైనుంచి చూస్తే నల్లగా, అడుగు కనిపించకుండా ఉంటుంది. బద్ధకస్తులు చేట ఎత్తకుండా దుమ్మును అందులోకి నెట్టేస్తారు.

"ఆ పని మాత్రం చెయ్యకండి మాస్టారూ."

"ఎందుకమ్మా?"

"కిందున్నవాళ్ళ మీద పడుద్ది."

"లిఫ్టు కింద ఎవరుంటారమ్మా?"

"ఏమో! నాకు చెప్పినావిడ అట్లా చెప్పింది, నేను మీకు చెప్తున్నా. నన్ను ఇంగ్లీషులో అడక్కండి," అని బకెట్ ఎత్తుకుని పోయింది.

చాలాకాలం ఆ మాట జవదాటలేదు. కానీ కింది అంతస్తులో ఒక పళ్ళ డాక్టరు ఉన్నాడు. మా పక్కింటాయనకు పంటినొప్పి వచ్చింది.

ఆ సాయంత్రం చేట పట్టుకుని మెట్లు దిగుతున్నవాణ్ణి, చివరి మలుపులో ఆగిపోయాను. హాలులో, డబ్బాల వైపు పోయే దారికి ఎదురుగా ఆయన కూర్చుని ఉన్నాడు. చెంప మీద చెయ్యి, ఒళ్ళో పత్రిక. నేను బూడిదరంగు బట్టల్లో, చేతిలో చేటతో, నెత్తిన టోపీతో. "ఏం సార్, ఇవాళ ఎవరికి సలహా?" అన్న మాట ఆయన నోరు తెరవకముందే నా చెవిలో మోగింది. వెనక్కి తిరిగి మూడో అంతస్తుకు ఎక్కి, చేటలోని దుమ్మును లిఫ్టు సందులోకి వంచాను.

ఎంత సులువో! చప్పుడు లేదు. చీకటి మింగేసింది.

పంటినొప్పి తగ్గడానికి చాలా సిట్టింగులు పట్టాయి. ఆయన రావడం మానేశాక కూడా నేను చేటను కిందికి దించలేదు. హాలులో ఎవరైనా ఉండవచ్చునన్న భయం చాలు. మాప్‌ను నేరుగా లిఫ్టు గడపదాకా తోసుకుపోయి, అక్కడే దుమ్మును సాగనంపేవాణ్ణి.

ఒకనాడు పనిలోకి రాగానే లిఫ్టు గడప మీద సన్నటి గీత కనిపించింది. దుమ్ము గీత. సందు అంచు వెంట, తాడు పట్టి గీసినట్టు తిన్నగా ఉంది. ఊడ్చేవాడి కన్నుకు తెలుస్తుంది. అది గాలికి చేరిన దుమ్ము కాదు. మాప్ వదిలే గీత అది. కానీ అది సందుకు ఇవతల ఉంది... కిందనుంచి పైకి తోసినట్టు.

మళ్ళీ లోపలికి నెట్టాను. మరునాడు మళ్ళీ ఉంది. రేడియో అక్కే పెట్టి నన్ను ఆటపట్టిస్తోందనుకున్నాను. కానీ ఒక సాయంత్రం అందరూ వెళ్ళాక, ఆ సందు దగ్గర వంగి గీతను నెడుతున్నప్పుడు, అడుగునుంచి ఒక చప్పుడు వినిపించింది. చాలా మెల్లగా. సర... సర... ఆగి, మళ్ళీ సర... సర... తొందరపడకుండా, తడబడకుండా, చేతిలోది ఎత్తకుండా ఎవరో ఊడుస్తున్నారు. నాకంటే బాగా ఊడుస్తున్నారు.

ఎలుక అనుకున్నాను. అనుకోక తప్పలేదు. ఎవరికైనా చెప్పాలంటే ముందు ఆ దుమ్ము అక్కడికి ఎలా వెళ్ళిందో చెప్పాలి.

ఆ వారమే మా అమ్మాయీ అల్లుడూ భోజనానికి వచ్చారు. మాకు ఒక్కతే కూతురు. అల్లుడు కొత్తగా సొంత ఆఫీసు పెట్టబోతున్నాడు. కంచాల దగ్గర కూర్చున్నంతసేపూ అవే కబుర్లు.

"చోటు కుదిరింది నాన్నా! మూడో అంతస్తు మొత్తం మాకే. కింద ఓ పళ్ళ డాక్టరున్నాడు. ఇంక అమ్మకి స్వీట్లు తినడానికి భయం లేదు."

"నా పళ్ళకేమే, గుండ్రాళ్ళలా ఉంటే!" అంది మా ఆవిడ.

"ఆ నేల చూడాలి నాన్నా నువ్వు. బూడిదరంగు రాయి. ఖాళీగా ఉన్న అంతస్తయినా అద్దంలా పెట్టారు. వంగితే మొహం కనబడుతోంది. ఎవరు తుడుస్తారో గానీ, ఆ చేతులకు దణ్ణం పెట్టొచ్చు."

నా చేతులు కంచం మీద ఉన్నాయి. తీసి ఒళ్ళో పెట్టుకున్నాను.

"మామయ్యగారు ఓసారి వచ్చి చూసి సలహా చెప్పాలి," అన్నాడు అల్లుడు, ఎంతో వినయంగా.

"ఆయనకి తీరికెక్కడిది నాయనా!" అని మా ఆవిడ గర్వంగా నవ్వింది. నేనూ నవ్వాననే అనుకుంటున్నాను.

వాళ్ళు ఆ అంతస్తులో అడుగుపెట్టేలోగా నేను అక్కడినుంచి మాయం కావాలి. అంతే, మరో ఆలోచన లేదు. పని మానేస్తున్నానని మేనేజరుకు చెప్పాను. ఒక్క కోరిక కోరాడు. సెలవు రోజు వచ్చి, కొత్తగా దిగేవారి కోసం మూడో అంతస్తు ఊడ్చిపెట్టమన్నాడు. వాళ్ళు సెలవు మరునాడు కొలతలకు వస్తారట. ఒప్పుకున్నాను. మా అమ్మాయి నడిచే నేలను చివరిసారి నా చేత్తో శుభ్రం చేయాలన్న ఆశ కూడా ఒక మూల ఉంది. చెప్పుకోలేనివాడికి మిగిలే ముచ్చట్లు ఇలాంటివే.

సెలవునాడు మధ్యాహ్నమే మబ్బు కమ్మింది. వాచ్‌మన్ గేటు పక్కన గదిలో నిద్రపోతున్నాడు. రేడియో అక్క రాలేదు. ఖాళీ భవనంలో నా అడుగుల అలికిడే నాకు పెద్దగా వినిపించింది. గదిలో ఇస్త్రీ చొక్కా, ప్యాంటు విప్పి కొక్కేనికి తగిలించాను. బ్రీఫ్‌కేసు, అందులోనే ఫోను, కింద ఉంచాను. యూనిఫారం, టోపీ, గుడ్డ బూట్లు తొడుక్కుని, మాప్ తీసుకుని బయటికి వచ్చాను. వస్తూ వస్తూ అరవైపు చూశాను.

నల్ల బూట్లు ఉన్నాయి. కాకపోతే వాటి ముక్కులు ఈసారి నావైపు తిరిగి ఉన్నాయి.

రేడియో అక్క సర్ది ఉంటుందని సరిపెట్టుకున్నాను.

మెట్ల వైపునుంచి మొదలుపెట్టి కొంత వరండా ఊడ్చానో లేదో, ఉరుము ఉరిమి కరెంటు పోయింది. సెలవు కాబట్టి జనరేటరు వేసే దిక్కు లేదు. మెట్ల దగ్గరి కిటికీలోంచి బూడిదరంగు వెలుతురు కొంచెం పడుతోంది. దాని అవతల వరండా అంతా బావిలా ఉంది. వాన మొదలైంది. తడిమట్టి వాసన రావాలి. రాలేదు. ఆ పొడిపొడి వాసనే... గదిలో ఉండవలసినది, వరండా అంతా నిండింది.

మాప్ ఎత్తకుండా నడుస్తూనే ఉన్నాను. ఆగితే చెవులు వినడం మొదలుపెడతాయి.

లిఫ్టు దగ్గరికి వచ్చేసరికి కింద గాజు తలుపు తెరుచుకున్న చప్పుడు.

"వాచ్‌మన్ నిద్ర చెడగొట్టావు కదరా పాపం!"

మా అమ్మాయి గొంతు. మొగుడూ పెళ్ళాలిద్దరూ ఒకరినొకరు అలాగే ఒరే, ఒసే అని పిలుచుకుంటారు.

"రేపు రద్దీగా ఉంటుందే బాబూ! టేపు నువ్వు పట్టుకున్నావా, నేనా?"

"లిఫ్టు లేదు. నడు, మూడంతస్తులు ఎక్కితే ఆ పొట్ట కరుగుతుంది."

అడుగులు. నవ్వులు. మొదటి మలుపు.

వాళ్ళు వచ్చే మెట్లు ఒకవైపు. మా గది రెండోవైపు, చీకట్లో. నా ముందు మాప్, దాని ముందు దుమ్ము గీత, దాని ముందు లిఫ్టు.

అప్పుడు లిఫ్టు తలుపులు కదిలాయి.

కరెంటు లేదు. అయినా కదిలాయి. ఇనుము ఇనుముతో రాసుకునే చప్పుడు లేకుండా, మెత్తగా... మనిషి సులువుగా దూరేంత మేర తెరుచుకున్నాయి. లోపల చీకటి. ఆ చీకటిలోంచి ఎవరో చాలా మర్యాదగా, చదువుకున్న మనిషి గొంతుతో...

"లోపలికి వచ్చెయ్యండి."

రెండో మలుపు. మా అమ్మాయి ఏదో పాట కూనిరాగం తీస్తోంది.

"ఎంతసేపండీ... వాళ్ళు వెళ్ళిపోయేదాకానే. ఇక్కడ ఎవరూ చూడరు."

ఎవరూ చూడరు. ఆ మాట ఎంత చల్లగా ఉందో నేను చెప్పలేను. ఎన్నాళ్ళుగానో నేను వెతుకుతున్న సలహా అదే. అది ఎవరి గొంతు అని అడగలేదు. అడుగు వేశాను. అలవాటు కొద్దీ మాప్‌ను ఎత్తకుండా ముందుకు తోశాను. చట్రం గడప దాటింది. దాటి... కిందికి ఒరిగింది. లోపల నేల లేదు. లిఫ్టు పెట్టె లేదు. కర్ర నా చేతిలోంచి జారిపోయింది.

నేను గడప మీద ఆగిపోయాను. చెవులు రిక్కించాను. అంత బరువున్న మాప్ కింద పడిన చప్పుడు రావాలి.

రాలేదు. ఎవరో పట్టుకున్నారు.

సర... సర... సర...

పరుగెత్తాను. చీకట్లో గోడను తడుముతూ గది తలుపు తోసుకుని లోపలికి దూరి, తలుపు దగ్గరగా వేశాను. వెంటనే ఒక ఉపాయం తోచింది. బట్టలు మార్చుకుంటే సరి! ఇస్త్రీ చొక్కాతో, బ్రీఫ్‌కేసుతో బయటికి నడవవచ్చు. "మీ ఆఫీసు చూద్దామని వచ్చానమ్మా" అనవచ్చు. ఇంకా దాచవచ్చు. ఆ క్షణంలో కూడా నాకు తోచింది అదే.

కొక్కెం కోసం తడిమాను. దొరికింది. చొక్కా లేదు.

కిందికి వంగాను. బ్రీఫ్‌కేసు లేదు.

అర మీద చెయ్యి పెట్టాను. మందమైన దుమ్ము... దాని నడుమ నున్నగా రెండు అచ్చులు. బూట్లు లేవు.

తలుపుకు అవతల, వరండాలో, తోలు బూట్ల అడుగుల చప్పుడు మొదలైంది. టక్... టక్... మెట్ల వైపుగా. తొందర లేదు.

తలుపు సందులో కన్ను పెట్టాను. దూరాన కిటికీ వెలుతురులో ఒక వీపు. నా చొక్కా. నా బ్రీఫ్‌కేసు. బాగా నెరిసిన తల... లేక దుమ్ము పట్టిన తల. దాని అవతల మా అమ్మాయి ఆఖరి మెట్టు ఎక్కి ఆగిపోయింది.

"నాన్నా?"

వీపు కదలలేదు.

"నాన్నా, నువ్వేంటి ఇక్కడ? మేమొస్తున్నామని నీకెవరు చెప్పారు?"

"నా ఉద్యోగం ఇక్కడేనమ్మా," అంది ఆ గొంతు. కొంచెం బొంగురుగా ఉంది. అయినా అది నా గొంతే. "సలహాదారు పని కాదు. నేల ఊడుస్తాను. చెప్పడానికి సిగ్గేసింది."

ఎన్ని రాత్రులు నేను పెదవులదాకా తెచ్చుకుని మింగేసిన మాటలవి! అంత తేలికగా, ఆ మూడు ముక్కల్లో, చెప్పేశాడు. ఇప్పుడు ఆ పిల్ల ముఖం ఎలా మారుతుందో, ఏమంటుందో... నేను భయపడింది ఈ ఒక్క క్షణానికే.

మా అమ్మాయి ఏడ్చింది. ఏడుస్తూనే వెళ్ళి ఆ చొక్కాను వాటేసుకుంది.

"పిచ్చి నాన్నా! ఇందులో సిగ్గేంటి? ఈ నేల... ఇది నువ్వేనా తుడిచింది? నేను ఇంట్లో అంతలా పొగుడుతుంటే కూడా నోరు విప్పలేదే నువ్వు! చేతులు చూడనీ... అయ్యో, ఎంత చల్లగా ఉన్నాయో!"

"మామయ్యగారూ, మీరు ముందు కూర్చోండి," అన్నాడు అల్లుడు. "మాకొక్క మాట చెప్పుంటే..."

"పద నాన్నా. కొలతలూ వద్దు, ఏం వద్దు. ఇంటికెళ్దాం. అమ్మకి నేను చెప్తాను, నువ్వేం మాట్లాడకు."

నా చెయ్యి తలుపు మీద ఉంది. ఆ తలుపుకు గొళ్ళెం లేదు. లోపల లేదు, బయటా లేదు. ఒక్క తోపు చాలు. "తల్లీ, నేనిక్కడున్నాను" అన్న ఒక్క కేక చాలు. కానీ నేను బూడిదరంగు బట్టల్లో ఉన్నాను. నెత్తిన టోపీ ఉంది. నన్ను ఇలా చూస్తుందే అనుకున్నాను. ఆ పాపిష్టి సిగ్గు నా నోటి మీద చెయ్యి వేసి నొక్కింది... లేక అది చెయ్యే కాబోలు. నాలుక మీద దుమ్ము రుచి తగిలింది.

మెట్లు దిగే ముందు, మా అమ్మాయి భుజం మీదుగా, వాడు ఒక్కసారి గదివైపు తల తిప్పాడు. ముఖం కనిపించలేదు. ముఖం ఉండవలసిన చోట వెలుతురు పడలేదు.

చాలాసేపటికి కరెంటు వచ్చింది. నేను బయటికి వచ్చాను. నేల మీద దుమ్ముతో అడుగుల అచ్చులు ఉన్నాయి, లిఫ్టు గడపనుంచి గదికి వట్టి పాదాలవి, గదినుంచి మెట్లకు బూట్లవి. లిఫ్టు తలుపులు మూసి ఉన్నాయి. లోపలినుంచి ఏ చప్పుడూ లేదు. అక్కడ ఇప్పుడు ఎవరూ లేరు.

వానలో నడిచి ఇంటికి చేరాను. దీపాలు పెట్టే వేళ. తడిసి ముద్దయ్యాను గానీ, చేతుల మీది బూడిదరంగు మాత్రం కరగలేదు. మెట్ల మీద పక్కింటాయన ఎదురయ్యాడు. నేను గోడవైపు తిరిగి నిలబడ్డాను. ఆయన నన్ను దాటి వెళ్ళిపోయాడు. పలకరించలేదు.

మా తలుపు పక్కన చెప్పుల స్టాండు మీద మా అమ్మాయి చెప్పులు, అల్లుడి చెప్పులు. వాటి పక్కన, మడమలు ఆనించి, ముక్కులు గోడవైపు తిప్పి, ఆ నల్ల బూట్లు. తళతళ మెరుస్తున్నాయి.

లోపల నవ్వులు. అన్నం ఉడుకుతున్న వాసన. బెల్లు నొక్కాను.

మా ఆవిడ గొలుసు తియ్యకుండా తలుపు కొంచెం తెరిచింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, ఏడ్చి తేరుకున్న కళ్ళు. నన్ను కిందినుంచి పైదాకా చూసింది. ముప్ఫై ఏళ్ళకు పైగా నన్ను చూసిన కళ్ళు అవి.

"ఎవరు కావాలి బాబూ?"

నోరు తెరిచాను. గొంతులోంచి మాట రాలేదు. సన్నగా, పొడిగా... దుమ్ము రాలింది.

"ఏవండీ!" ఆవిడ లోపలికి తిరిగి పిలిచింది. "ఎవరో వచ్చారు. మీ ఆఫీసు మనిషిలా ఉన్నాడు, చూడండి."

"ఎవరూ ఉండరమ్మా," అంది లోపలినుంచి నా గొంతు, ఎంతో శాంతంగా. "తలుపేసెయ్యి."

తలుపు పడింది. అవతల మా అమ్మాయి నవ్వు దగ్గరగా వినిపించింది.

"అయ్యో నాన్నా, ఇంట్లో కూడా నువ్వే ఊడవాలా? ఇలా ఇవ్వు... అసలు ఇంత పెద్ద మాప్ ఎక్కణ్ణించి తెచ్చావు?"

సర... సర... అని చప్పుడు మొదలైంది. గది ఆ చివరినుంచి తలుపువైపుగా వస్తోంది. తొందర లేదు. ఎక్కడా ఎత్తడం లేదు. గడపదాకా వచ్చి ఆగింది.

తలుపు కింది సందులోంచి బూడిదరంగు గీత ఒకటి, తిన్నగా, బయటికి వచ్చింది. మెత్తగా నా పాదాల మీద పడింది...